వీపుకు తగిలిన గోల్

మన ఫుట్సాల్ జట్టు ప్రపంచ పోటీలకు వెళ్లడంలో ఆటగాళ్ల ప్రతిభ ఎంతో చెప్పలేం కాని, అవతలివాళ్ల దురదృష్టం మాత్రం బాగా కలిసొచ్చింది. అర్హత పోటీలకు రావలసిన ఒక జట్టుకు వీసాలు అందలేదు. ఇంకో దేశంలో సంఘం రెండుగా చీలి, ఎవరు పంపినవాళ్లు అసలు ఆటగాళ్లో తేలక, చివరికి ఎవరూ రాలేదు. మిగిలిన ఒక్క జట్టుతో మనవాళ్లు గోల్ లేకుండా ఆట ముగించారు. పెనాల్టీల్లో వాళ్లు మనకంటే ఘోరంగా తన్నారు.

అప్పటిదాకా ఊళ్లో సగం మందికి ఫుట్సాల్ అంటే ఏమిటో తెలియదు. హాలు లోపల, గట్టి నేల మీద, జట్టుకు అయిదుగురేసి ఆడే ఫుట్‌బాల్ అని చెబితే, “అయ్యో, మిగతా ఆరుగురూ దొరకలేదా?” అని జాలిపడేవాళ్లు.

ఆ జట్టులో నిజంగా ఆట తెలిసినవాడు ఒక్కడే. పగలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాడు, సాయంత్రం బంతి తన్నేవాడు. అతని కాలికి తగిలాక బంతి కంటికి కనిపించదని అందరూ ‘బుల్లెట్’ అని పిలిచేవారు. కోచ్ ఒకప్పుడు బళ్లో డ్రిల్లు మాస్టారు. పిల్లల్ని ఎండలో నిలబెట్టిన అనుభవం తప్ప వేరే అనుభవం లేదు, కాని ఈల బాగా ఊదేవాడు.

ప్రయాణం దగ్గరపడ్డాక ఒక డిఫెండర్ మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అతని బదులు పాస్‌పోర్టు ఉన్న డిఫెండర్ కావాలి. డిఫెండర్లు దొరికారు, పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దొరకలేదు. డ్రిల్లు మాస్టారు బాగా ఆలోచించి, డిఫెండర్ అయి ఉండాలన్న షరతు వదిలేశాడు.

పాస్‌పోర్టు ఉన్నది బుల్లెట్ అక్కగారి భర్తకి. అతను లిఫ్ట్ మెకానిక్. విదేశంలో శిక్షణకి పంపుతామని కంపెనీ అతని చేత పాస్‌పోర్టు తీయించి, తీరా ఆ శిక్షణకి మేనేజర్ని పంపింది. మనిషి పొడుగూ వెడల్పూ బాగానే ఉంటాడు. సెలవు రోజు బావమరిది సాధన చేసుకుంటుంటే ఎదురుగా నిలబడి సాయం చేసేవాడు. ఎంతకీ కదలడని జట్టువాళ్లు ‘స్తంభం’ అని పేరు పెట్టారు. దానికి అతనేమీ అనుకోలేదు.

“బావా, నువ్వు బెంచీ మీద కూర్చుంటే చాలు,” అన్నాడు బుల్లెట్.

“కూర్చోడానికి అంత దూరం ఎందుకురా? ఇక్కడ కూర్చుంటాగా.”

“బెంచీతో కలిపి పద్నాలుగు మందిని తీసుకెళ్లాలి. పద్నాలుగో మనిషి లేకపోతే జట్టు పరువు పోద్ది బావా.”

లోపలి గదిలోంచి మెకానిక్ భార్య కేక వేసింది. “తీసుకుపోరా తమ్ముడూ! ఇంట్లో ఫ్యాను చూడమంటే నెల్లాళ్లయినా లేవరు. అక్కడైనా ఎవరన్నా పరిగెత్తిస్తారేమో చూద్దాం.”

అలా అతను దేశం తరఫున బయలుదేరాడు.

పోటీలు జరిగే హాలు చూసి మనవాళ్లు నోళ్లు తెరిచారు. చెక్క నేల అద్దంలా ఉంది. అడుగు వేస్తే బూటు కిచకిచమంది. మొదటి ఆటలో పదకొండు గోల్స్ తిన్నారు. రెండో ఆటలో తొమ్మిది. సంఘం అధ్యక్షుడు, ఊళ్లో ఆయనకి టైల్స్ దుకాణం ఉంది, హోటల్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి, “రెండు గోల్స్ మెరుగుపడ్డాం. ఇదే ఊపు కొనసాగించాలి,” అన్నాడు.

మూడో ఆట ఆ ఏడాది కప్పు గెలుస్తారని అందరూ అనుకుంటున్న జట్టుతో. రెండో సగానికి పదమూడు అయ్యాయి. మన డిఫెండర్లు ఒకరి తర్వాత ఒకరు కుంటడం మొదలుపెట్టేసరికి డ్రిల్లు మాస్టారు బెంచీ అంతా కలయజూశాడు. మెకానిక్ తల దించుకుని బూటు వైపు చూశాడు. అయినా దొరికిపోయాడు.

లోపలికి వెళ్లాక అతను చెయ్యగలిగినంతా చేశాడు. ఒకసారి బంతి అతని కాళ్ల మధ్యనుంచి పోయింది. ఇంకోసారి బంతితో పాటు మనిషే దూరిపోయేంత పనయింది. పద్నాలుగో గోల్ పడ్డాక మాస్టారికి ఓపిక పోయి, “నువ్విక్కడ వద్దు నాయనా, అవతలి గోల్ దగ్గరికి పో. మనకి దూరంగా ఉంటావు,” అని అరిచాడు. మెకానిక్ బుద్ధిగా వెళ్లి అక్కడ నిలబడ్డాడు. కాసేపటికి మాస్టారికి అదీ నచ్చలేదు. ఈ ఆటలో మనిషిని మార్చడానికి ఆట ఆపక్కర్లేదు. ఒకడు గీత దాటి బయటికొస్తే ఇంకొకడు లోపలికి పోవచ్చు. “బయటికి రా!” అని మాస్టారు చేతులూపాడు. హమ్మయ్య అనుకుని మెకానిక్ ఆటకి వీపు పెట్టి బెంచీ వైపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే బుల్లెట్ అవతలివాడి కాలి దగ్గర బంతి లాక్కుని, మూడు ఆటల ఉక్రోషమంతా కలిపి తన్నాడు. బంతి వచ్చి బావ రెండు భుజాల నడుమ దబ్బుమని తగిలింది. గోల్‌కీపర్ అప్పటికే కుడివైపు దూకేశాడు. బంతి తీరిగ్గా ఎడమవైపు దొర్లుకుంటూ లోపలికి పోయింది.

మెకానిక్ బోర్లా పడ్డాడు. ఎవరో వెనకనుంచి గుద్దారనుకున్నాడు. తల ఎత్తేసరికి జట్టంతా మీద పడి ఉంది.

“ఎవడ్రా కొట్టింది?” అన్నాడు ఊపిరాడక.

“నువ్వే కొట్టావు!” అన్నారు.

బుల్లెట్ రెండు చేతులూ పైకెత్తి మూల దాకా పరిగెత్తాడు. అక్కడ వెనక్కి తిరిగి చూస్తే తన వెనక ఎవరూ లేరు. పైన పెద్ద తెర మీద బావ ఫొటో వెలుగుతోంది. ఎత్తిన చేతుల్ని ఏం చెయ్యాలో తోచక, జుట్టు సర్దుకున్నాడు.

ప్రపంచ పోటీల్లో మన దేశం కొట్టిన మొట్టమొదటి గోల్ అది. ఆ తర్వాత ఇంకో రెండు తిన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

విమానాశ్రయంలో జనం. మైకులు నోటికి తగిలేంత దగ్గరికొచ్చాయి. మెకానిక్ ఉన్నదున్నట్టు చెప్పాడు.

“నేను కొట్టలేదండీ. తగిలింది. నేనసలు చూడనే లేదు.”

“విన్నారు కదా, ఎంత వినయం!” అంది టీవీ అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు పత్రికలో ‘వెన్ను చూపి గెలిచిన వీరుడు’ అని పెద్దక్షరాలు. టీవీలో ఒక విశ్లేషకుడు కర్రతో తెర మీద చూపిస్తూ, బంతికి వీపు తిప్పడం ద్వారా కీపర్‌ని ఎలా మోసగించాడో వివరించాడు. బెంచీ వైపు నడవడం కూడా ఎత్తుగడేనట. డ్రిల్లు మాస్టారు ఆ ఎత్తుగడ తనదేనని పక్కనే కూర్చుని ఒప్పుకున్నాడు. ఒక రకంగా అందులో అబద్ధం లేదు.

మెకానిక్‌కి పని చెయ్యడం కష్టమైపోయింది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లని తీద్దామని తలుపు తెరిస్తే, వాళ్లు బయటికి రాకుండా ఇతన్నే లోపలికి లాగి ఫొటో తీసుకునేవారు. కంపెనీ అతని బొమ్మతో ప్రకటన వేయించింది. ఫొటోగ్రాఫర్ అతన్ని గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. జనానికి కావలసింది అటువైపేనట.

కళ్లజోళ్ల దుకాణంలో బుల్లెట్ పరిస్థితి ఇంకా అన్యాయం. కొత్త అద్దాలు పెట్టుకుని గోడ మీది అక్షరాలు చదివినవాళ్లు చదివినట్టే అతని వైపు తిరిగి, “మీ బావగారు ఎలా ఉన్నారండీ?” అని అడిగేవారు.

సెలవు రోజు భోజనాలు ఎప్పుడూ అత్తగారింట్లోనే. ఆ రోజు బుల్లెట్ కంచం ముందు కూర్చున్నాడే కాని బావ వైపు చూడలేదు. అత్తగారికి పెద్ద చిక్కొచ్చి పడింది. అల్లుణ్ణి తక్కువ చెయ్యకూడదు, కొడుకుని చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ఇద్దరికీ సమానంగా వడ్డించి, ఎవరినీ చూడకుండా గిన్నెతో అంది.

“మా వాడు తన్నిన తన్నుడు మాత్రం టీవీలో మళ్లీ మళ్లీ చూశాను. ఏం తన్నుడో!”

“అవునత్తయ్యా, వీపు ఇంకా మండుతోంది,” అన్నాడు మెకానిక్.

“అయ్యో, మందు రాశావుటే?” అని కూతుర్ని అడిగింది, కాస్త సంతోషంగానే.

“బావ అడ్డం లేకపోయినా అది గోలే!” అన్నాడు బుల్లెట్, కంచంలోకి చూస్తూ.

“కీపర్ అటే దూకాడు కదరా తమ్ముడూ,” అంది అక్క.

“దూకితే? పట్టుకునేవాడా? నా బంతి పట్టుకునేవాడా?”

“నేనేమన్నానూ? ఆయన వీపు మంచిదన్నాను, అంతే.”

బుల్లెట్ చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. అత్తగారు కూతురి వైపు ఉరిమి చూసింది. మెకానిక్ కూడా సగంలో లేచాడు. ఇంటికొచ్చాక భార్యతో, “దేశం ఎలా పోతే నాకెందుకు, మీ తమ్ముడు నాతో మాట్లాడాలి,” అన్నాడు. అప్పటిదాకా నవ్వుతున్న ఆవిడ నవ్వాపి, “వెళ్లి అధ్యక్షుడు గారికి చెప్పి ఆ గోల్ వాడి పేరుకి మార్పించండి మరి,” అంది.

మర్నాడు టైల్స్ దుకాణానికి వెళ్లాడు. అధ్యక్షుడు వెనక గదిలో పలకల పెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు. సంగతంతా విన్నాడు.

“నియమం ఏమిటయ్యా? చివరికి ఎవరికి తగిలి లోపలికి పోతే గోల్ వాళ్లది.”

“నాకు తగిలినట్టు నాకే తెలీదండీ.”

“తెలియాలని నియమం లేదు.” అధ్యక్షుడు గొంతు తగ్గించాడు. “చూడు, నీ గోల్ వల్ల మనకి సొంత హాలు కడతామని మంత్రిగారు మాటిచ్చారు. నేల టైల్స్ మనవే. ఇప్పుడు నువ్వొచ్చి గోల్ నాది కాదంటే, ఆ హాలు ఎవరి వీపు చూసి కడతారు?”

మెకానిక్ దణ్ణం పెట్టి వచ్చేశాడు.

కొన్నాళ్లకి పొరుగు దేశపు జట్టు స్నేహపూర్వకంగా ఒక ఆట ఆడటానికి వచ్చింది. ఊళ్లో ఎప్పుడూ ఖాళీగా ఉండే పాత హాలులో ఆ రోజు నిలబడటానికి చోటు లేదు. “స్తంభం! స్తంభం!” అని ఒకటే అరుపులు. మాస్టారు జనానికి జడిసి మెకానిక్‌ని ముందు వరసలో దింపాడు. బుల్లెట్ పొరపాటున కూడా అతనికి బంతి ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిదయింది. ఆట ఇరుజట్లకీ చెరో రెండు గోల్స్‌తో చివరికొచ్చింది. అప్పుడు అవతలివాడొకడు బుల్లెట్‌ని గోల్ ముందు పడగొట్టాడు. పెనాల్టీ.

పెనాల్టీలు ఎప్పుడూ తన్నేది బుల్లెట్టే. మోకాలు దులుపుకుని బంతి తీసుకున్నాడు. జనం ఒప్పుకోలేదు. హాలంతా కాళ్లతో నేల తన్నుతూ స్తంభం తన్నాలన్నారు. అధ్యక్షుడు మంత్రిగారి పక్కనుంచి మాస్టారికి సైగ చేశాడు. మాస్టారు ఈల తీసి జేబులో పెట్టుకుని, “బంతి మీ బావకివ్వు,” అన్నాడు.

బుల్లెట్ బంతిని బావ చేతిలో పెట్టాడు. ఆ రోజు మొదటిసారి అతని కళ్లలోకి చూశాడు.

“తీసుకో. ఇది కూడా నువ్వే తీసుకో.”

మెకానిక్ బంతిని చుక్క మీద పెడుతున్నట్టు వంగి, “ఒరేయ్, బంతి ముందుకి కదిలితే చాలంటగా? నేను కాస్త అలా తోస్తా. నువ్వు వెనకనుంచి వచ్చి తన్ను,” అన్నాడు మెల్లగా.

“పిచ్చా నీకు?”

“నాకెలాగూ తన్నడం రాదు. పరువు పోయేది దేశానిది. రా, వస్తావా లేదా?”

ఈల మోగింది. మెకానిక్ ఏనుగులా నాలుగడుగులు పరిగెత్తుకొచ్చి, బంతిని బొటనవేలితో సుతారంగా ముందుకి తోసి, ఈసారి జాగ్రత్తగా పక్కకి తప్పుకున్నాడు. కీపర్ గాలిలోకి దూకేశాడు. వెనకనుంచి వచ్చిన బుల్లెట్ తన్నిన తన్నుకి వల చిరిగినంత పనయింది. అవతలివాళ్లు రిఫరీ మీద విరుచుకుపడ్డారు. రిఫరీ ఆలోచించి, తప్పేమీ లేదని గోల్ ఇచ్చాడు.

హాలు దద్దరిల్లింది. జనం కంచె దూకి వచ్చి మెకానిక్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. “ఏం బుర్ర! ఏం బుర్ర!” అంటున్నారు. “తన గోల్ వదులుకుని బావమరిదికి దానం చేశాడ్రా!” అని ఎవడో ఏడ్చేశాడు కూడా.

“దించండయ్యా! కొట్టింది వాడు! వాణ్ణెత్తండి!” అని మెకానిక్ పైనుంచి గింజుకున్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. కిందికి చూస్తే తన ఎడమ కాలు మోస్తున్నది బుల్లెట్టే. నవ్వి నవ్వి అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

“బావా, నీతో లాభం లేదు,” అన్నాడు రొప్పుతూ. “కాస్త బరువు తగ్గు.”

ఆ వారమే మెకానిక్ నడుం నొప్పి అని చెప్పి జట్టులోంచి తప్పుకున్నాడు. గొప్పవాళ్లు ఎప్పుడు ఆపాలో తెలిసినవాళ్లని పత్రికలు మెచ్చుకున్నాయి.

మంత్రిగారు కట్టించిన కొత్త హాలులో జరిగిన తర్వాతి అర్హత పోటీలకు అన్ని జట్లూ వచ్చాయి. ఎవరికీ వీసా ఇబ్బంది రాలేదు. మనవాళ్లు మొదటి ఆటలోనే ఓడిపోయారు. ఆ ఆటలో బుల్లెట్ రెండు గోల్స్ కొట్టాడు, రెండూ సగం కోర్టు అవతలినుంచి, ఎవరి సాయం లేకుండా. హాలులో ఆ రోజు గట్టిగా ఒక వరసకి సరిపడా జనం కూడా లేరు. స్తంభం ఆడటంలేదని తెలిసి చాలామంది గుమ్మంలోంచే వెనక్కి పోయారు.

రెండో గోల్ పడ్డప్పుడు అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడి, చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టింది. ఆట మళ్లీ మొదలైనా కూర్చోలేదు.

“కూర్చోవే అమ్మా, వెనకవాళ్లకి అడ్డం,” అంది కూతురు.

“వెనక ఎవరున్నారే?” అంది ఆవిడ. పక్కకి తిరిగి, “అల్లుడు గారూ, మీరూ లేవండి. ఊరికే కూర్చుంటారేం?” అంది.

మెకానిక్ లేచి నిలబడ్డాడు.