ఇంటికో వేలిముద్ర

నేను ఒక నాటు తుపాకిని. పుట్టుకతో తుపాకిని కాను, పాడైపోయిన జీపు స్టీరింగు రాడ్డును. కొండ కింది సంతలో ఒక కమ్మరి నన్ను కోసి, కాల్చి, వెనక పనసకర్ర మడమ తగిలించాడు. గొట్టంలో మందు కూరాలి, సీసపు రవ్వలు పోయాలి, గుడ్డపేలికతో దట్టించాలి. ఇంత చాకిరీ చేయించుకుని ఒక్కసారి పేలుతాను. అయినా నన్ను కొన్న పాంగి సోంబ్రు ఇంటికి తీసుకెళ్ళగానే పసుపు రాసి బొట్టు పెట్టాడు. మనుషులంతే, దేన్ని చూసి భయపడతారో దానికి ముందు బొట్టు పెడతారు.

సోంబ్రు పోయాక కొడుకు మాలన్న చేతికి వచ్చాను. అడవిపందులు సామచేలో పడితే గాలిలోకి పేలడం, చైత్రంలో కొండవాళ్ళు చేసుకునే ఇటుకల పండగకు వేటకు పోవడం, ఇవే నా పనులు. ఆ పండగకు మగవాళ్ళెవరైనా ఒట్టి చేతులతో తిరిగొస్తే ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు పేడనీళ్ళతో ఎదురొస్తారు. మరదళ్ళయితే మరీ రెచ్చిపోతారు. ఒక ఏడు మాలన్న చెల్లెలు చిలకమ్మ మొగుడు గెమ్మెలి సన్యాసికి ఏమీ దొరకలేదు. పాపం, కొత్త చొక్కా వేసుకున్నాడు. మరదళ్ళ కంట పడకుండా పొదల వెంట వంగి వంగి ఇల్లు చేరాలనుకున్నాడు. పొద్దు వాలింది, పొద కదిలింది. మాలన్న పంది అనుకున్నాడు. నేను పేలాను.

"బావా" అన్నాడు సన్యాసి, నా చప్పుడు ఇంకా ఆగకముందే. ఆ మాట నా గొట్టంలో చిక్కుకుపోయింది. ఎంత తుడిచినా పోలేదు. చీకటి పడగానే అడుగున కదులుతుంది. మాలన్నకూ వినిపించేదనుకుంటాను, పడుకునే ముందు నన్ను గోడ వైపు తిప్పి పెట్టేవాడు.

నిజం బయటపడితే ఊళ్ళో తుపాకులన్నీ పోతాయని పెద్దలు భయపడ్డారు. సన్యాసి తాగి బండ మీంచి జారిపడ్డాడని చెప్పుకున్నారు. చిలకమ్మ అన్న కోసం నోరు మూసుకుంది.

ఏళ్ళు గడిచాక, నాటు తుపాకులన్నీ అప్పగించాలని పోలీసుల కబురు వచ్చింది. ఊరంతా గ్రామసభకు కూర్చుంది. లా చదివిన జయంతి అనే పిల్ల తీర్మానం రాసింది. నన్ను తెచ్చి మధ్యలో చాప మీద పడుకోబెట్టారు. పంట కాపుకు, పండగ వేటకు తుపాకి ఉంచుకోవడం తరతరాల హక్కని చదివింది. నా గురించి అంత మంచి తెలుగు నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాతి వాక్యం, "ఈ తుపాకుల వల్ల మా ఊళ్ళో ఇంతవరకు ఏ మనిషికీ హాని జరగలేదు." ఇక ఇంటికో వేలిముద్ర పడాలి.

చిలకమ్మ లేచింది. "ఆ మాట తీసీయమ్మా. మా ఆయన ఎలాగ సచ్చిపోనాడో రాసీ. అప్పుడు ఏత్తాను ముద్ర."

జయంతికి అర్థం కాలేదు. పెద్దలకు బాగానే అర్థమైంది.

"అది రాస్తే నన్ను అట్టుకుపోతారే సెల్లీ," అన్నాడు మాలన్న, ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించి.

"నా కూతురు తాగుబోతోడి కూతురన్న మాట రోజూ ఇంటంది అన్నా," అని ఆమె వెళ్ళిపోయింది.

ఒక ఇల్లు తగ్గితే ఎందుకని పైవాళ్ళు అడుగుతారు. జయంతి మంచినీళ్ళకు లేచినప్పుడు, మాలన్న సిరా అద్దుకుని చెల్లెలి పేరు పక్కన తన బొటనవేలు నొక్కాడు. చూసినవాళ్ళు చూడనట్టే ఊరుకున్నారు. తీర్మానం ఏకగ్రీవమైంది, నా హక్కు నిలబడింది.

ఎవరి నోట విందో, తెల్లారి చిలకమ్మ మా గుమ్మంలో నిలబడింది.

"మా ఆయన సావుకి బండని అడ్డెట్టినావు. నా మాటకి నీ ఏలు అడ్డెట్టినావు. ఇంకేటి మిగిలిందన్నా నాకు?"

ఆమె ఏడవలేదు. అందుకే నాకు భయం వేసింది.

మాలన్న అన్నం ముట్టలేదు. నన్ను తువ్వాలులో చుట్టి, జీపెక్కి స్టేషనుకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పగించడానికి వచ్చాడనుకుని ఎస్సై మెచ్చుకున్నాడు.

"దీంతో మా బావని సంపేసినాను బాబూ. పంది అనుకున్నాను. మా సెల్లి ముద్ర కూడా నేనే ఏసేసినాను."

మొదటిది విని ఎస్సై లేచి నిలబడ్డాడు. రెండోది ఎందుకు చెబుతున్నాడో ఆయనకు అర్థం కాలేదు.

ఇప్పుడు మాలన్న సబ్‌జైల్లో ఉన్నాడు. నేను స్టేషను సామాన్ల గదిలో, మెడకు అట్టముక్క కట్టించుకుని ఉన్నాను. గొట్టంలో ఆ మాట ఇక్కడా కదులుతూనే ఉంది. మొన్న చిలకమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వాంగ్మూలానికి వచ్చింది. నన్ను బయటికి తెచ్చి చూపించారు. అట్టముక్క మీద ఏముందో చదవమని ఆమె కానిస్టేబుల్ని అడిగింది.

"తుపాకి గుండు తగిలి చనిపోయిన వ్యక్తి, గెమ్మెలి సన్యాసి," అని గొణిగాడు అతను.

చిలకమ్మ కూతుర్ని ముందుకు నిలబెట్టింది.

"మళ్ళీ సదవండి బాబూ. గట్టిగా."