రెండు నిమిషాలాయన

మా వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రెండు నిమిషాలాయన అంటారు. ఎంత మొండి తాళమైనా రెండు నిమిషాల్లో తీస్తానని ఆ పేరొచ్చింది. వచ్చిందేమిటి, నేనే తెచ్చుకున్నాను. కొట్టు బోర్డు మీద కూడా అదే రాయించాను. "ఇంట్లో కుళాయి బిగించమంటే మాత్రం ఈ మహానుభావుడికి రెండేళ్ళు పడుతుంది" అని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. ఈమధ్య ఆ మాట అనడం మానేసింది.

మా కొట్టు మిలటరీ క్యాంపు గేటుకి ఎదురుగా ఉంటుంది. గేటు పక్క సందులో సైనికుల కుటుంబాలుండే క్వార్టర్లు. మూడంతస్తుల పసుపు భవనాలు, అన్నిటికీ ఒకేరకం ఇనపరేకు తలుపులు, కిటికీలకి చువ్వలు. తంతే కాలు విరగాలిగానీ ఆ తలుపు విరగదు. అందుకే తాళంచెవి పోగొట్టుకున్న ప్రతివాడూ నా దగ్గరికి రావాల్సిందే. క్వార్టరు సైనికుడి పేరు మీద ఉంటుంది. వచ్చినవాడి కార్డు మీద పేరు, ఫొటో, క్వార్టరు నంబరు సరిపోతే తీసేస్తాను. పాతికేళ్ళుగా నేను నేర్చిన చట్టం అదొక్కటే. లోపల ఎవరున్నారు, ఎందుకు తీయమంటున్నారు అని అడగడం నా పని కాదనుకునేవాణ్ణి.

సరిహద్దు నుంచి పెద్ద దళం తిరిగొచ్చి రెండు నెలలైంది. ఆ రెండు నెలల్లో క్వార్టర్లలో మూడిళ్ళు కూలిపోయాయి. మొదట మెస్సులో వంటవాడు భార్యని కాల్చి తనూ కాల్చుకున్నాడు. తర్వాత ఒక ట్రక్కు డ్రైవరు భార్యనీ అత్తగారినీ చంపేసి, నెత్తురు చేతులతోనే నడుచుకుంటూ వెళ్ళి గేటు దగ్గర లొంగిపోయాడు. మూడోది ఒక సిగ్నల్స్ హవల్దారు ఇంట్లో జరిగింది. వీధంతా చెవులు కొరుక్కోవడమే. సాయంత్రం అయిదైతే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుని తాళాలు వేసుకుంటున్నారు.

ఆ డ్రైవరు ఇంటి తలుపు తీసింది నేను.

దానికి నాలుగు రోజుల ముందే డ్రైవరు భార్య వచ్చి తాళం మార్పించుకుంది. మెడ మీద చున్నీ గట్టిగా చుట్టుకుని ఉంది. రెండు చెవులూ తనే తీసుకుంది. "ఇంకొకటి ఎవరికీ చేసివ్వకండి అన్నయ్యా" అంది. సరేనన్నాను, చేసివ్వలేదు కూడా. కానీ నాలుగోరోజు మధ్యాహ్నం మొగుడు కార్డుతో వచ్చాడు. పేరు సరిపోయింది, ఫొటో సరిపోయింది. మొగుడూపెళ్ళాల గొడవ మనకెందుకు అనుకున్నాను. నిమిషన్నరలో తీసి, "చూశావా!" అని కాలరు కూడా ఎగరేసి వచ్చాను. ఆవిడ అయిదింటికి తల్లిని వెంటబెట్టుకుని పని నుంచి ఇంటికొచ్చింది. వాడు లోపల కూర్చుని ఉన్నాడు.

పోలీసులు నన్ను అరగంట కూర్చోబెట్టి, కార్డు చూశావా అన్నారు. చూశానన్నాను. అయితే నీ తప్పేం లేదని పంపేశారు. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు అన్నం వడ్డిస్తూ, "ఆ పిల్ల ఫోను నంబరు మన పుస్తకంలో ఉంది కదండీ. తలుపు దగ్గర రెండు నిమిషాలు ఆగి ఒక్క ఫోను చేసుంటే?" అంది. ఆ పూట ముద్ద దిగలేదు. ఇప్పటికీ సరిగ్గా దిగడం లేదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఒక లాన్స్ నాయక్ కొట్టుకొచ్చాడు. ముప్పై దాటని మనిషి, శుభ్రంగా గీసుకున్న గడ్డం, భుజాన ఖాకీ సంచి. మర్యాదగా నమస్కారం పెట్టాడు. నేనేదో అంటే తల తిప్పి కుడి చెవి ముందుకు పెట్టాడు.

"ఎడమది పనిచేయదండీ. ఫిరంగుల పక్కన పోయింది. ఇటు చెప్పండి. తాళంచెవి పోయింది, తలుపు తీయాలి."

కార్డు ఇచ్చాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. క్వార్టరు నంబరు చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. పదకొండు రోజుల క్రితం ఆ ఇంటికి కొత్త తాళం బిగించాను. అతని భార్య నర్సు, నాలుగేళ్ళ కూతురుంది. బిగిస్తున్నంతసేపూ ఆమె నా చేతులవంకే చూసింది. "డ్రైవరు గారింటి తలుపు తీసింది మీరేనా అన్నయ్యా?" అని అడిగింది. "పోలీసులు నా తప్పేం లేదన్నారమ్మా" అని నీళ్ళు నమిలాను. ఆమె రెండు చెవులూ తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది.

మా ఆవిడ అప్పటికే కార్డు మీద నంబరు చూసేసింది. కిందికి వంగి పుస్తకం తిరగేస్తోంది.

రానని చెప్పేద్దామనుకున్నాను. కానీ వీధి చివర వెల్డింగు వాడున్నాడు. పిలిస్తే చాలు, మంట పెట్టి ఏ తలుపైనా కోసి పారేస్తాడు. నేను వెళ్తేనే ఆలస్యం చేయగలను. పెట్టె పట్టుకుని లేచాను. "వెళ్ళొస్తానే" అన్నాను. "వెళ్ళి రండి, తొందరేం లేదు" అంది మా ఆవిడ. పాతికేళ్ళలో ఆవిడ నన్ను తొందరేం లేదనడం అదే మొదటిసారి.

రెండో అంతస్తు. మెట్లు సన్నం, తలుపు ముందు ఇద్దరు నిలబడేంత చోటు. అతను సంచి నేల మీద పెట్టాడు. నెమ్మదిగానే పెట్టాడు. కానీ నా బతుకంతా ఇనుముతో గడిచింది. ఆ చప్పుడు వినగానే లోపలున్నది బట్టలు కాదని తెలిసిపోయింది.

తాళం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అప్పుడే లోపల కుర్చీ కాలు నేల మీద గీసుకున్న చప్పుడైంది. వెంటనే ఆగిపోయింది. ఆమె పనికి వెళ్ళలేదు. లోపలే ఉంది. తల తిప్పి చూశాను. అతని ఎడమ చెవి తలుపు వైపుంది. వినలేదు.

"ఊఁ, కానివ్వండి" అన్నాడు చేతి గడియారం చూసుకుంటూ. "లాకప్పులో చూడ్డానికి వెళితే మా డ్రైవరు మీ గురించి తెగ చెప్పాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదట."

పెట్టెలోంచి తాళం తీసే సన్న తీగ ఏరుకున్నాను.

"మంచి పనివాడు మీరు, అన్నాడు. వాడూ మంచివాడేనండీ. ఆవిడకే మొగుడంటే లెక్కలేకపోయింది."

"అవునా బాబూ" అన్నాను. ఆ మాట అనాల్సొచ్చినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

తీగ దూర్చాను. నిజం చెబితే ఆ తాళం నాకు నలభై సెకన్ల పని. నేనే ఎంచుకుని నేనే బిగించిన తాళం. లోపలి పిన్నులు ఒక్కొక్కటీ నా వేలికి తెలుసు. మొదటిది లేచింది, వదిలేశాను. రెండోది లేచింది, వదిలేశాను. పాతికేళ్ళుగా వెంటనే తీయడం అలవాటైన చేతులు, ఆపినా ఆగడం లేదు.

"రెండైంది" అన్నాడతను.

"కొత్త తాళం బాబూ, బిగుసుకుపోయింది. నూనె పడాలి."

నూనె వేశాను. తుడిచాను. మళ్ళీ వేశాను. కళ్ళజోడు మర్చిపోయానన్నాను, జేబులో ఉంటే తీసి పెట్టుకున్నాను. తీగ మార్చాను. "అయిదు" అన్నాడు. "ఏడు" అన్నాడు. మర్యాద మెల్లమెల్లగా ఆవిరైపోతోంది. వెలుతురు చాలదంటే అతను గోడవైపు జరిగాడు. ఇప్పుడు కుడి చెవి తలుపు వైపొచ్చింది. సరిగ్గా అప్పుడే లోపల పాప దగ్గబోయి, ఎవరో నోరు మూసినట్టు సగంలో ఆగింది. నేను మోచేత్తో పనిముట్ల పెట్టెని ఒక్క తోపు తోశాను. సుత్తి, ఆకురాళ్ళు, చెవులు, అన్నీ గలగలమంటూ మెట్ల మీద దొర్లిపోయాయి.

"ఏం మనిషివయ్యా నువ్వు!" అని అరిచాడు.

"ముసలి చేతులు బాబూ" అంటూ ఒక్కో మెట్టు దిగి ఒక్కో చెవీ ఏరాను. యాభై రెండేళ్ళకే ముసలివాణ్ణయిపోయాను. కిందికి చూశాను. సందులో ఎవరూ లేరు. మా ఆవిడ ఎవరికైనా చెప్పిందా, వాళ్ళు బయలుదేరారా, ఏమీ తెలియదు. మళ్ళీ పైకి రాక తప్పలేదు.

"పద్నాలుగు" అన్నాడు. మొహం ఎర్రబడింది. "నువ్వు తీయవు. నాకు తెలిసిపోయింది. లే, వెల్డింగువాణ్ణి పిలుస్తాను."

"ఆఖరుసారి చూస్తాను బాబూ. ఈసారి పట్టుకుంది."

ఇంకా గంట్లు కొట్టని కొత్త తాళంచెవి ఒకటి తాళంలోకి దూర్చాను. దాన్ని పట్టుకారుతో పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. టక్కున విరిగింది. సగం ముక్క తాళం లోపలే ఉండిపోయింది. ఇక బయటి నుంచి నేను కాదు, నా గురువు దిగొచ్చినా గంట వరకూ ఆ తాళం రాదు. లోపలి పిడికి మాత్రం ఆ ముక్కతో పనిలేదు. ఆమె తిప్పితే వస్తుంది, ఆమె తిప్పితేనే వస్తుంది.

అతను నా చేతిలోని విరిగిన ముక్కవంక చూశాడు. తర్వాత నా మొహంవంక చూశాడు. అర్థమైపోయింది.

"లోపలే ఉంది కదూ?"

సంచిలోంచి పిస్తోలు తీసి నా కణత మీద పెట్టాడు. చల్లగా ఉంది.

"పిలు" అన్నాడు. "నీ గొంతు తెలుసు దానికి. ఆయన వెళ్ళిపోయాడమ్మా, తలుపు తీయమని చెప్పు. చెబితే నీ ఇంటికి నువ్వు పోతావు."

నాకు ధైర్యం లేదు. ఉన్నట్టు చెబితే అబద్ధం. మా ఆవిడ కళ్ళ ముందు తిరుగుతోంది, చచ్చిపోతానని ఏడుపొస్తోంది. కానీ డ్రైవరు భార్య మెడ చుట్టూ ఉన్న ఆ చున్నీ కూడా కళ్ళ ముందే ఉంది. నోరు తెరిచాను.

"తీయొద్దమ్మా!" అని అరిచాను. "నన్ను చంపినా తీయొద్దు తల్లీ!"

పిస్తోలు పిడితో దవడ మీద కొట్టాడు. రెండు పళ్ళు ఊడి మెట్ల మీద పడ్డాయి. రెండో దెబ్బకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ తర్వాత కింద నుంచి బూట్ల చప్పుడు వినిపించింది. మిలటరీ పోలీసులు నలుగురు, వెనకే మా ఆవిడ. తర్వాత తెలిసింది, నర్సు ఫోను కలవలేదట, గేటుకి చేస్తే వాళ్ళు కాగితం రాసిమ్మన్నారట. మా ఆవిడ గేటులోకి చొరబడి, వాళ్ళ అధికారి చొక్కా పట్టుకుని లాక్కొచ్చిందట. అతను వాళ్ళని చూసి పిస్తోలు కిందపెట్టి, మెట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. నాకు జాలి వేయలేదు. వేయాలేమో, తెలియదు.

అతన్ని తీసుకెళ్ళాక అధికారి తలుపు మీద కొట్టాడు. "అంతా అయిపోయింది, తీయండి" అన్నాడు. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కొట్టాడు. చివరికి నావైపు తిరిగి, "నువ్వేగా రెండు నిమిషాలాయనవి? ఆ ముక్క లాగి తలుపు తీయి. క్వార్టరు మాది, ఇదిగో నా కార్డు" అన్నాడు.

"తీయను" అన్నాను. నోట్లో నెత్తురుతో మాట సరిగా రాలేదు.

"ఏమిటీ?"

"మీ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి సార్. ఆమె తీసినప్పుడే."

అధికారికి ఒళ్ళు మండింది. మా ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను పనిముట్ల పెట్టె మా ఆవిడ చేతికిచ్చి పంపేశాను. తలుపుకున్న గాజు కన్నంలోంచి కనిపించేలా ఎదురుగా కూర్చుని, ఖాళీ చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

"అమ్మా" అన్నాను. "ఆ రోజు నువ్వడిగితే తిన్నగా సమాధానం చెప్పలేదు. డ్రైవరు ఇంటి తలుపు తీసింది నేనే. తప్పు నాదే. పోలీసులు కాదన్నా నాదే."

చాలాసేపు కూర్చున్నాను. మెట్ల కిటికీలోంచి పడే ఎండ మూడు మెట్లు ఎక్కింది.

అప్పుడు పిడి తిరిగింది. తలుపు జానెడు తెరుచుకుంది. నర్సు నిలబడి ఉంది, వెనక పాప ఆమె చీర పట్టుకుని ఉంది. ఆమె చేతిలో కూరగాయల కత్తి. మొన నావైపే ఉంది.

"ముందు లోపలికొచ్చేది మీరే అనుకున్నాను" అంది. "తాళం తీసేవాళ్ళే కదా ముందుంటారు. ముందు మీకే దింపాలనుకున్నాను అన్నయ్యా. చెవి విరిగిన చప్పుడు వినిపించేదాకా మీకోసమే నిలబడ్డాను."

"సరిగ్గానే అనుకున్నావమ్మా" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె పళ్ళు ఊడిన నా నోటివంక చూసింది. కత్తిని తిప్పి, పిడి నావైపు పెట్టి నా చేతికిచ్చింది. తర్వాత వంగి పాపని ఎత్తుకుంది.