నా ఎత్తున బిగిసిన సీటు

తుప్పు వాసన.

వానకు తడిసిన ఇనుప గేటు పట్టుకుంటే అరచేతికి అంటుకునే వాసన... మెట్ల కింద గది తలుపు తీయగానే ఇల్లంతా అదే.

ఆ గదిలో నా సైకిలు ఉంది. ఉక్కు ఫ్రేము, లావు టైర్లు. నా మొదటి జీతంతో కొనుక్కున్నది. ఊరి చివరి గుట్ట మీదికి సెలవు రోజుల్లో దాని మీదే ఎక్కేదాన్ని. పెళ్లయ్యాక ఆయన ఒక్క మాట అన్నారు.

"ఇంకా ఈ కోతి వేషాలేంటి?"

సైకిలు మెట్ల కిందికి వెళ్లింది. నేను వంటింట్లోకి వెళ్లాను.

ఇన్నేళ్లకు మా ఆయనగారు ఫోన్లో ఏదో వీడియో చూశారు. పాత ఉక్కు ఫ్రేములు ఇప్పుడు దొరకవట. బంగారమట. అంతే — కోతి వేషం కాస్తా కళాఖండం అయిపోయింది.

ఏడాదిగా కారుతున్న కొళాయికి వాషరు వేయని చేతులకు కొత్త గ్లవుజులు వచ్చాయి.

విప్పారు. గీకారు. హాలు నిండా తుప్పు పొడి. ఊడ్చింది నేను.

సీటు కడ్డీ దగ్గర ఆగారు. అది ఫ్రేములో బిగిసిపోయింది. నూనె పోశారు. వేడినీళ్లు పోశారు. సుత్తితో బాదారు, పట్టుకుని మెలితిప్పారు. వెంట్రుకవాసి కదల్లేదు.

బిగిసింది నా ఎత్తు దగ్గర.

చివరిసారి నా కాలికి సరిపోయేలా నేను బిగించిన చోట... అక్కడే. ఆయన నాకంటే జానెడు పొడుగు.

"అది తర్వాత చూద్దాంలే," అన్నారు.

ముందు చూడాల్సింది తర్వాత. తర్వాత చూడాల్సింది ముందు. ఆయన సంసారమంతా ఇదే వరస. ముందు రంగు వేయించారు, ముదురాకుపచ్చ. ముందు చక్రానికి కొత్త ఫోర్కు, డిస్క్ బ్రేకు. పెడళ్ల దగ్గర పాత మూడు పళ్లచక్రాల చోట ఒక్కటే, వెనక చక్రానికి కొత్త గేర్లు. పైపు మీద బంగారు అక్షరాలతో పేరు.

ఆయన పేరు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

స్నేహితులు చూడ్డానికి వచ్చారు. "మా పాత బండి. మళ్లీ ప్రాణం పోశాను," అన్నారు. సొమ్మొకరిది, సోకొకరిది. ఎవరిదని ఒక్కరూ అడగలేదు. నేను టీ కప్పులు అందించి లోపలికి వచ్చేశాను.

వాళ్ల ముందే ఎక్కారు. మోకాళ్లు గడ్డానికి తగులుతాయేమో అన్నట్టు తొక్కారు. వీధి చివర ఎత్తు దాకా వెళ్లి, నడిపించుకుంటూ వచ్చారు. నాకు జాలి కలగలేదు. అసహ్యం కలిగింది... కాస్త నవ్వు కూడా.

"రేపు వెల్డరు దగ్గరికి తీసుకెళ్తా. ఆ సీటు పైపు కోసేసి వేరేది అతికిస్తాడు."

కోసేసి.

ఎంత తేలిగ్గా అన్నారో. రంగు ఆయనది. పేరు ఆయనది. గొప్పంతా ఆయనదే. నాదంటూ మిగిలింది ఆ ఒక్క పైపు — అందులో ఇరుక్కుపోయిన నా ఎత్తు.

తెల్లారింది. ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. వెల్డరు దగ్గరికి వెళ్లడానికి కూడా ముస్తాబే.

నేను చెప్పులు విడిచి బూట్లు వేసుకున్నాను. సైకిలు గేటు దాటించాను. కూర్చున్నాను.

మునివేళ్లు నేలకు ఆనాయి. ఎంత ఆనాలో అంతే.

వీధి చివర ఎత్తు వచ్చింది. మోకాలు మూలిగింది, మూలగనీ. గేరు మెత్తగా పడింది. కొత్త గేర్లు బాగున్నాయి... ఒళ్లు మండినా ఒప్పుకోవాలి.

వెనక నుంచి ఆయన గొంతు. నురగ బుగ్గతోనే గేటు దాకా వచ్చినట్టున్నారు.

"మెల్లిగా... రంగు గీసుకుపోతుంది."

పడిపోతావు అనలేదు. రంగు అన్నారు.

నేను వెనక్కి చూడలేదు.

వెల్డరు దుకాణం ఇవాళా ఉంటుంది, రేపూ ఉంటుంది. సాయంత్రానికి ఇంటికి వెళ్తానేమో. వెళ్లి, సైకిలు ఆయన చేతికిస్తానేమో... తెలియదు. గుట్ట మొదట్లో ఆగి, సీటు కింద కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. రంగు పడనిది అదొక్కటే.

అరచేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

తుప్పు వాసన.