బెల్టుకు నాలుగో బెజ్జం

రెండో జొన్నరొట్టె తడుతుంటే గుమ్మంలోంచి ఇమామ్ సాహెబ్ పిలిచాడు. గద్వాల మార్కెట్ యార్డు పక్కన ఆయనకు చిన్న హోటలుంది. ఆ యార్డులోనే మా నాయన మద్దిలేటి పల్లికాయ బస్తాలు తూకం వేస్తాడు. ఆ రోజు అమావాస్య, యార్డుకు సెలవు. నాయన పెరట్లో స్నానం చేస్తున్నాడు.

“నిన్న మీ నాయన తువ్వాల మర్చిపోయిండు బిడ్డా.”

“రొట్టె తిని పో చాచా.”

“నాకెందుకు, మీ నాయనకే పెట్టు. పొద్దుగాల నాలుగు పూరీలు, మాపటికి ప్లేటు మిర్చి బజ్జీలు మింగుతడు. ఒంటికి మాత్రం పట్టదు. నా హోటల్ పేరు ఖరాబ్ చేస్తుండు” అని నవ్వాడు.

“ఎప్పటి సంది?”

“ఏడాదాయె. నీకు చెప్పొద్దన్నడు. అయ్యో, చెప్పేస్తినా ఏంది?”

ఆయన వెళ్లేసరికి పెనం మీద రొట్టె మాడింది.

నిరుడు, 2005లో, నాయనకు షుగరని తేలింది. అన్నం మాన్పించి రొట్టెలు మొదలుపెట్టాను. పొట్ట తగ్గింది. బెల్టు వదులైనప్పుడల్లా మేకు కాల్చి కొత్త బెజ్జం చేశాను. మూడయ్యాయి. “బిడ్డంటే గట్లుండాలె” అన్నారు వాడకట్టు వాళ్లు. అమ్మ పోయాక నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అప్పుడే.

పోయిన నెల దవాఖానలో డాక్టరు నాయన బరువు చూసి, తిండి తగ్గించారా అని అడిగాడు. “పూటకు ఒక్క రొట్టెనే సార్” అన్నాను గర్వంగా. నాయన తల వంచుకున్నాడు.

“ఒళ్లు, షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కొన్ని క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందమ్మా. ఈ వయసులో కొత్తగా షుగరొచ్చి, బాగా తింటున్నా చిక్కిపోతుంటే క్లోమంలో క్యాన్సరుందేమో చూపించుకోవాలి. మీరు తిండి తగ్గించారు కాబట్టి కొన్నాళ్లు చూద్దాం. అనుమానమొస్తే ఆలస్యం చేయకుండా కర్నూలులో స్కాన్ తీయించండి” అని చీటీ రాసిచ్చాడు. దాన్ని పిండి డబ్బా కింద పెట్టి మరిచిపోయాను.

నాయన వచ్చి కూర్చున్నాడు. మాడని రొట్టె కంచంలో వేశాను.

“హోటల్ల తింటున్నవంట.”

రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగింది.

“నీ మనసు నొస్తదని చెప్పలే బిడ్డా. ఉత్త రొట్టెతోని కడుపు నిండకపోతుండె.”

“కడుపు నిండ తిన్నా గిట్లయినవ్. అది నా రొట్టెలతోని కాదు నాయినా. సారుకు తప్పు చెప్పిన.” చీటీ కంచం పక్కన పెట్టాను. “కర్నూల్ పోదాం. పొయ్యి ఆర్పి నేను గూడ వస్త.”

నాయన కంచం దగ్గరికి జరుపుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి రొట్టెను చివరి ముక్క దాకా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ప్యాంటు వేసుకుని, బెల్టు పెట్టి చూసుకున్నాడు. జారింది. బెల్టు తీసి, మేకును పొయ్యిలో ఎర్రగా కాల్చి, నాలుగో బెజ్జం తానే చేసుకున్నాడు. తోలు కాలిన వాసన వంటగదంతా నిండింది.

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చేసరికి, నాకంటే ముందే గడప దాటి బస్టాండు దారి పట్టాడు.