ఫోనులో పాపసంకీర్తనం

తమిళనాడులోని గుడియాత్తం చర్చి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పొన్నమ్మ గొంతుకు తిరుగులేదు. అక్కడ అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే, చదవగలిగినవాళ్లే లేరు. అందుకని పూజలో ఫాదర్ చెప్పినవన్నీ మగ్గం పక్కన కూర్చుని, ఒక్క ముక్క పోకుండా ఆమే వాయిస్‌లో అప్పజెప్పేది. పొన్నమ్మ చెప్పిందంటే ఇక దానికి ఎదురులేదు.

ఆ ధీమాయే కొంప ముంచింది. ఎవరో పంపిన వీడియోలో ఇడ్లీ పిండిలో ఎలుక కనిపించింది. అంగడి బోర్డు మీద గుండ్రటి అక్షరాలు. వాళ్ల వీధిలో అలాంటి అక్షరాల తెలుగు బోర్డు చిత్తూరు నుంచి వచ్చిన అంబిక ఇడ్లీ అంగడికి ఒక్కదానికే ఉంది. ఇంకేం, "ఇది మన అంబిక అంగడే, సూసుకోండి" అని వీడియోతోపాటు వాయిస్ పెట్టేసింది. మర్నాటికే అంబిక బెంచీలు ఖాళీ.

ఆ సాయంత్రం బెంగుళూరులో మేస్త్రీ పని చేసే మొగుడు కుమరేశన్ ఇంటికొచ్చి వీడియో చూశాడు.

"ఇది కన్నడం గదే! దినామూ సూస్తానే ఉండా ఈ రాతల్ని."

పొన్నమ్మ గబగబా ఫోన్ తీసింది. వీడియోనీ తన వాయిస్‌నీ గ్రూపులోంచి తీసేసింది. ఫాదర్ చూస్తే వేలూరులో ఉన్నారు. ఫోన్ ముందు మోకాళ్లూని, చేసిన పాపం ఒప్పుకునే పాపసంకీర్తనమంతా వాయిస్‌లో ఆయనకు పంపింది.

"ఫోన్లో చెల్లదమ్మా. బస్సెక్కి రా," అని జవాబు.

శిక్షగా మరియమ్మకు నూరు మంగళవార్త జపాలు చెప్పడానికైనా సిద్ధపడి వెళ్లింది. అంతా చెప్పుకుని, "తీసేసినా గదా ఫాదర్," అని గొణిగింది.

"ఫోన్లోంచి పోయినాది. ఇన్నవాళ్ల చెవుల్లోంచి పోయినాదా? అబద్ధం యాడికి పోయిందో నిజాన్నీ ఆడికే పంపు. నీ గొంతుతోనే."

ఇక తన మాట ఎవరు నమ్ముతారు? నూరు జపాలే నయమనిపించింది. బస్సు దిగి నేరుగా అంబిక అంగడికే వెళ్లింది. బటన్ ఫోన్ వాడే అంబికకు జనం ఎందుకు రావడం లేదో కూడా తెలియదు. పొన్నమ్మ బెంచీ మీద కూర్చుని గ్రూపుకు వాయిస్ మొదలుపెట్టింది. "ఎవరో తెలీక ఏందో చెప్పినారు..." ఛీ, ఇదేం ఒప్పుకోవడం? చెరిపేసింది.

"నేను పొన్నమ్మని. ఎలక అంబిక అంగట్లో లేదు. నాకు సదవను రాదు, అయినా నోరు పారేసుకున్నా. తప్పు నాది." పంపేసింది.

అంబిక చేతిలో గరిటె ఆగింది. "నువ్వా అక్కా?"

"నేనే." కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంబిక గరిటె పక్కన పెట్టింది. ఆకులో నాలుగు ఇడ్లీలు పెట్టి ముందుకు తోసింది. "తిను. ఎట్లుండాయో అది గూడా చెప్పు."

పొన్నమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, నోటినిండా ఇడ్లీతోనే గ్రూపులో చెప్పింది. నిమిషంలో చర్చిలో ఆమె పక్కన కూర్చునే చిన్నమణి గొంతు వచ్చింది.

"అక్కా, తప్పు నాదని ఇంతమందిలో చెప్పినావే, ఇంక నీ మాట నమ్మక ఎవరి మాట నమ్మేది? నాకూ ఎనిమిది కట్టించు."