గట్టు మీద తెల్ల టెంటు

కాకినాడ బీచ్‌లో జరిగిన హస్తకళల ప్రదర్శనలో వెంకటదుర్గ టెంటు గాలికి లేచిపోయింది. లేచి ఊరుకోలేదు, పక్కన మట్టిబొమ్మలు అమ్ముకునే ఆయన బల్ల మీద పడి సగం సరుకు పగలగొట్టింది. నరసాపురంలో తనూ, తోడికోడలు ఆశాజ్యోతీ నెలల తరబడి కళ్లు లాగేసేలా అల్లిన లేసు టేబుల్ క్లాత్‌లన్నీ తడి ఇసుకలో దొర్లాయి. దుర్గ ముందుగా బొమ్మలాయన పెంకులు ఏరిపెట్టి, ఆ తర్వాతే తన గుడ్డలు ఏరుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు నిర్వాహకుడు ఉదయభాస్కర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆడవాళ్లు, మీకెందుకండీ ఈ టెంట్ల గోల? కార్తీకంలో రాజమండ్రి షో ఉంది కదా, మీ లేసు వాళ్లకి హాలు వెనక వరండా ఇచ్చేస్తాను. నీడపట్టున హాయిగా కూర్చోవచ్చు."

అతను మంచిగానే అన్నాడు. ఆ మంచితనానికే దుర్గకు ఒళ్లు మండింది. ఆ వరండా ఎలాంటిదో ఆమెకు తెలుసు. భోజనాల దగ్గర్నుంచి కుళాయిల దగ్గరికి పోయే దారి అది. జనం ఎంగిలి చేతులతో గబగబా నడిచిపోతారు తప్ప ఒక్కరూ ఆగరు.

"నేను గోదావరి గట్టు మీదే పెడతానండి," అంది.

"మళ్లీ ఎగిరిపోతే?"

"ఎగిరితే మీ షోకి ఇంక రాను."

బస్సెక్కాక ఆశాజ్యోతి మెల్లగా అడిగింది. "అంత మాట ఎందుకన్నావక్కా?"

"నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు."

కొత్త టెంటు కొనడానికి ఇద్దరూ రాజమండ్రి వెళ్లారు. దుకాణంలో కుర్రాడు అల్యూమినియం గొట్టాల టెంటు తెరిచి చూపించాడు. "ఇది తీసుకోండి మేడమ్, ఒక్కచేత్తో ఎత్తేయొచ్చు."

"నేను ఒక్కచేత్తో ఎత్తేదాన్ని గాలి ఎత్తలేదా?" అని దుర్గ ఇనప గొట్టాల వాటి దగ్గరికి నడిచింది. ఒక్కో దాని కాలు పట్టుకుని ఊపి చూసింది. పైగుడ్డ మీద సీసాలో నీళ్లు ఒంపి, కాసేపు ఆగి, అడుగున చెయ్యి పెట్టి తడిమింది. నీలం గుడ్డ దిట్టంగానే ఉంది. కానీ దాని కింద సంచిలోని లేసు ముక్క తీసి పట్టుకుంటే తెల్లటి లేసు కాస్తా నీలిమందు ఎక్కువైన పంచెలా కనబడింది. అందుకని తెల్లటిదే తీసుకుంది.

"మాసిపోద్దక్కా," అంది ఆశాజ్యోతి.

"ఉతుక్కుందాం."

టెంటుతో వచ్చిన, పక్కలకు కట్టే గుడ్డలు పల్చగా ఉన్నాయి. అవి పట్టుకుని రావులపాలెం వెళ్లింది. అక్కడ అరటి గెలల లారీలకు టార్పాలిన్లు కుట్టే అమ్మిరాజుకు వాటిని చూపించి, ఇంతకంటే మందంగా కుట్టమంది.

"లేసుకి లారీ పట్టా ఏంటమ్మా?" అని నవ్వాడాయన.

"మీ అరటిపళ్లకున్న పాటి రక్షణ నా లేసుకీ ఉండాలండి."

ఆయన నవ్వు మాని కొలతలు తీసుకున్నాడు. సూది పడ్డ ప్రతిచోటా నీళ్లు దిగుతాయని కుట్ల మీద లోపలా బయటా పట్టీ అంటించాడు. వెనకవైపు పైన కాస్త ఖాళీ వదిలాడు. "అన్ని పక్కలా మూసేశావనుకో, గాలికి దారుండదు. టెంటు తెరచాప అయిపోద్దమ్మా," అన్నాడు.

గట్టు మీదంతా సిమెంటు, మేకులు దిగవు. అందుకని దుర్గ లావుపాటి ప్లాస్టిక్ గొట్టాల్లో సిమెంటు పోసి, కాలికొకటి కట్టడానికి సిద్ధం చేసింది. పైకప్పు మీద నీళ్లు నిలిచి గుడ్డ జారకుండా లోపల సన్నటి గొట్టాలు విల్లులా వంచి బిగించింది. పెరట్లో టెంటు వేసి మోటారు పైపుతో తడిపిచూస్తే ఒక మూల కారింది. అక్కడ మళ్లీ పట్టీ వేశారు. వీధిలో వాళ్లు గోడ మీంచి చూసి నవ్వుకున్నారు. నవ్వనిమ్మంది దుర్గ.

కార్తీకంలో షో మొదలైన మర్నాడే అల్పపీడనం పట్టింది. మధ్యాహ్నానికి గోదావరి మీద ఆకాశం కిందికి దిగొచ్చినట్టయింది. బయట ఉన్నవాళ్లంతా హాల్లోకి వచ్చేయమని మైకులో చెప్పారు. పెద్ద షాపుల వాళ్లతో సహా అందరూ సర్దుకున్నారు. దుర్గ దగ్గరికి ఉదయభాస్కర్ స్వయంగా వచ్చాడు.

"మొండితనం వద్దండి దుర్గ గారూ."

"మొండితనమేనండి. నాలుగు కాళ్లకీ సిమెంటు కట్టుకుని వచ్చిన మొండితనం."

అతను తల విదిలించి వెళ్లిపోయాడు. వాన కొట్టింది. పైకప్పు డప్పులా మోగింది. పక్కన కట్టిన గుడ్డ తాడొకటి తెగి లోపలికి ఈడ్చికొడితే ఆశాజ్యోతి దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఒకచోట పట్టీ ఊడి, అన్నిటికంటే పెద్ద టేబుల్ క్లాత్ తడిసిపోయింది. దుర్గ దాన్ని చుట్టి పక్కన పడేసి, మిగతావి మధ్యకు జరిపింది. టెంటు కాళ్లు మాత్రం అంగుళం కూడా కదల్లేదు.

స్నానాలకొచ్చిన ఆడవాళ్లు పరుగున వచ్చి టెంటులో దూరారు. వాన తగ్గేదాకా చేసేదేం లేక లేసు చూడసాగారు. "చేతులు తుడుచుకుని ముట్టుకోండమ్మా," అని దుర్గ తువ్వాలు అందించింది. చీకటిపడే వేళకు సగం బల్ల ఖాళీ అయింది.

వాన చినుకుల్లోకి దిగాక ఉదయభాస్కర్ మళ్లీ వచ్చాడు. టెంటు కాలిని చేత్తో ఊపి చూశాడు.

"నిలబడిందండి," అన్నాడు.

"నిలబడింది."

"వచ్చే ఏడాది కూడా మీకు ఈ చోటే ఇస్తాను లెండి."

"ఇది వద్దండి. ముందు వరసలో, స్నానాల ఘాట్ మెట్ల పక్కన కావాలి. వచ్చే ఏడాది దాకా ఎందుకు, రేపే."

"అది పెద్ద షాపుల వాళ్లదండి."

"వాళ్లిప్పుడు అక్కడ లేరు కదండీ."

అతను అటు చూశాడు. మెట్ల పక్కన చోటంతా ఖాళీగా నీళ్లోడుతోంది. "ఆలోచిద్దాం," అన్నాడు.

"ఆలోచించండి. మేం పొద్దున్నే మారతాం."

తెల్లారాక తోడికోడళ్లిద్దరూ సిమెంటు గొట్టాలను చెరో చివరా పట్టుకుని మెట్ల దాకా మోశారు. మూడోది మోస్తుండగా ఉదయభాస్కర్ ఎదురొచ్చాడు. కాసేపు చూసి, కరెంటాయన్ని పిలిచి అక్కడికో దీపం లాగమన్నాడు.

"రెండు లాగమనండి," అంది దుర్గ, గొట్టం దించకుండానే.