కవాలా తలుపు

టంగుటూరు పొగాకు గోడౌనులో పడమటి తలుపు తీస్తే కవాలా రేవు కనిపించేది. అది గ్రీసు దేశంలో సముద్రం ఒడ్డు ఊరు. గాలికి ఆకు ఎగిరిపోతోందని మేనేజర్ లక్ష్మీకాంత్ విసుక్కునేవాడు తప్ప, ఇక్కడ సముద్రమేమిటని ఎవరూ అడగలేదు. బేళ్లను ఆ తలుపులోంచే తోసేయొచ్చు కదా అంటారేమో. కస్టమ్స్ కాగితాలు ఓడకే రాస్తారు మరి.

రంగు చూసి ఆకు ఏరే ఆడవాళ్లలో వెంకటేశ్వరమ్మకే ఆ ఊరంటే ఆరా ఎక్కువ.

"ఆ పెద్ద మేడలన్నీ ఏంటి హయాతన్నా?" అని కాటా దగ్గరి హయాత్‌ను అడిగేది. అతను అన్నం వేళ గడప దాటి నావికులతో కబుర్లాడి వస్తుంటాడు.

"పొగాకు గోడౌన్లేనమ్మా. అక్కడా ఆడోళ్లే ఏరేవోళ్లంట. ఆ ఆకు ఓడలెక్కి దేశదేశాలకీ పోయేదంట. అవన్నీ ఎప్పుడో మూతబడ్డాయి. ఇప్పుడు ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, చలవరాయి ఎగుమతి ఉంది, దీవికి పడవలున్నాయి. ఊరికేం లోటు లేదు. ఏరేవోళ్లే ఇళ్లలో కూర్చున్నారు."

తొంభై ఎనిమిది వేసవిలో, రేవులోకి వస్తున్న తెల్ల ఓడను చూస్తూ వెంకటేశ్వరమ్మ ఇరవై బేళ్ల ఆకుకు రెండోసారి నీళ్లు చల్లేసింది. ఒకసారి చల్లితే ఆకు పదునెక్కి విరగకుండా ఉంటుంది. రెండోసారి చల్లితే బూజే. ఆ సంగతి తట్టేసరికి లోడు మద్రాసులో కవాలా ఓడెక్కేసింది. కవాలాలో కొన్నవాళ్లు తిరగ్గొడితే తప్పు బయటపడుతుంది; రెండుసార్లు నీళ్లు చల్లినవాళ్లకు పని ఉండదని లక్ష్మీకాంత్ ముందే అందరిముందూ చెప్పి ఉన్నాడు. పదకొండేళ్ల పని. ఆమెకు అన్నం సయించలేదు.

ఇరవై ఆరో రోజున బేళ్లు ఆ రేవులో దిగాయి. వెంకటేశ్వరమ్మ కొంగు బిగించి గడప దాటింది. ఒక బేలు గోనె విప్పి చూస్తే బూజు ఇంకా పైపొరలోనే ఉంది. నల్ల గుడ్డ తలకు కట్టుకున్న ముసలావిడొకామె వచ్చి, ఒక ఆకు తీసి చెవి దగ్గర నలిపింది. తడి ఆకు గలగలమనలేదు. తల తిప్పి గట్టు మీది ఇళ్ల వైపు ఓ కేక పెట్టింది. ఒకప్పుడు ఆకు ఏరిన ముప్ఫైమంది ముసలమ్మలు మెట్లు దిగి వచ్చారు. మూతబడ్డ గోడౌను తాళం తీయించి, కిటికీలన్నీ బార్లా తెరిచి, పాడైన ఆకు ఏరేసి, మిగతాది మధ్యాహ్నం దాకా ఆరబెట్టారు. సరుకు కొన్న ఆ ఊరి షావుకారు పక్కన నిలబడి అంతా చూసి, లోడు తీసుకున్నాడు.

"తప్పు నాదేనండి. రెండుసార్లు చల్లాను. వెళ్లి ఆరబెట్టొచ్చాను," అంది తిరిగొచ్చి లక్ష్మీకాంత్‌తో.

"నోరు మూసుకునుంటే సరిపోయేదిగా!" అని తల పట్టుకున్నాడు. అయినా అందరిముందూ అన్న మాట. హాజరు పుస్తకంలో ఆమె పేరు కొట్టేశాడు.

ఆమె బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. చీకటి పడ్డాక హయాత్ వచ్చి, మూతబడ్డ గోడౌను మళ్లీ నడపడానికి మన ఆకు తెలిసిన మనిషి కావాలని కవాలా షావుకారు అడిగాడని చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వచ్చిన వెంకటేశ్వరమ్మను లక్ష్మీకాంత్ అడ్డుకున్నాడు.

"నీకు పని లేదన్నాగా?"

"మీ దగ్గర లేదండి," అని ఆమె గోడౌను మధ్యలోంచి నడిచి తలుపు దాటింది.

అక్కడ అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ముసలమ్మలు పీటల మీద సర్దుకుని కూర్చుంటున్నారు. ఆమెను చూసి, కాస్త జరిగి చోటిచ్చారు.